ఊరు కదల్లేదు... అడ్రసే మారింది

ఒక మనిషి పుట్టిన ఇల్లు వదలకుండా ఎన్ని రాష్ట్రాల్లో బతకొచ్చు? ఇదేం పొడుపు కథ కాదు. భద్రాచలానికి ఆనుకునే ఉన్న ఎటపాకలో 1950లో పుట్టిన ఒక మనిషిని ఊహించుకోండి. పుట్టినప్పుడు ఆయనది మద్రాసు రాష్ట్రం, తూర్పు గోదావరి జిల్లా. మూడేళ్ళకు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆరేళ్ళకు ఆంధ్రప్రదేశ్ అయింది. తొమ్మిదేళ్ళప్పుడు, అంటే 1959లో, జిల్లా మారి ఖమ్మం అయింది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు భద్రాచలం టౌను తెలంగాణలో ఉండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళు మాత్రం పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. దాంతో ఆయన మళ్ళీ తూర్పు గోదావరి వాడయ్యాడు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన ఇంటి గడప మాత్రం జానెడు కూడా జరగలేదు.

ఆయన ముత్తాతల కాలానికి వెళ్తే ఇంకా చిత్రం. 1860 దాకా ఈ తాలూకా నిజాంది. ఆ ఏడాది ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. తర్వాత నాగపూర్ రాజధానిగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో తీసి మద్రాసు ప్రెసిడెన్సీలో పెట్టారు. కాగితం మీద ఇన్నిసార్లు ప్రయాణం చేసిన ఊళ్ళు మన దగ్గర తక్కువే ఉంటాయి.

మాది ఖమ్మం. నేను ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాదే రాష్ట్రం రెండయింది. హాస్టల్ గదిలో నలుగురం. ఇద్దరిది ఇటు, ఇద్దరిది అటు. టీవీలో వాదన ఎలా ఉంటే ఆ రాత్రి గదిలో వాదన అలా ఉండేది. ఇప్పుడు ఉద్యోగాల్లోకి వచ్చాక లంచ్ టేబుల్ దగ్గర భాషలు, రాష్ట్రాలు, దేశాలు మారాయంతే, వాదన అదే. ఎవరు లోపలి వాళ్ళు, ఎవరు బయటి వాళ్ళు? ఫోన్ తెరిస్తే ప్రపంచమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. మనుషులు ఎప్పటికైనా కలిసి బతుకుతారా అంటే, నా వయసు వాళ్ళలో చాలామంది నవ్వేస్తారు.

నాకు మాత్రం ఆశ ఉంది. ఇది పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఈ నాలుగైదేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా బైకు మీదా, ఆర్టీసీ బస్సులోనూ తిరిగితే వచ్చింది. ఎక్కడెక్కడ దొరికిందో చెప్తాను. ఎక్కడ తగ్గిందో కూడా చెప్తాను.

ఒకే ఊళ్ళో ముగ్గురు

ఖమ్మానికి దగ్గర్లో నేలకొండపల్లి ఉంది. ఇక్కడి పొలాల మధ్య ఇటుకలతో కట్టిన పెద్ద బౌద్ధ స్తూపం ఉంది. తవ్వకాల్లో బుద్ధుడి విగ్రహాలు దొరికాయి. అయితే ఊరివాళ్ళను అడిగితే ఇది విరాటరాజు రాజధాని అంటారు, పాండవులు అజ్ఞాతవాసం చేసింది ఇక్కడే అంటారు. ఇక మూడో సంగతి, భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, పుట్టింది ఈ ఊళ్ళోనే.

బుద్ధుడు, భారతం, రాముడు. ముగ్గురికీ ఒకే ఊరు సరిపోయింది. ఒక కథ వచ్చిందని రెండోదాన్ని ఎవరూ ఊళ్ళోంచి పంపేయలేదు. ఆ రోజు స్తూపం నీడలో కూర్చుని నాకు అనిపించింది ఇదే. మనం చరిత్ర అంటే ఒకరి తర్వాత ఒకరు వచ్చి ముందువాళ్ళను తుడిచేయడం అనుకుంటాం. నేల మీద చూస్తే అలా ఉండదు. ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని కూర్చుని ఉంటాయి.

ముత్యాలు ఎక్కడివి, బియ్యం ఎక్కడివి

గోపన్న కథ మీకు తెలిసిందే. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా కొలువులో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. మంత్రులు అక్కన్న, మాదన్న ఆయన మేనమామలు. సర్కారుకు కట్టాల్సిన శిస్తు డబ్బుతో గుడి కట్టించాడని తానీషా జైల్లో పెట్టాడు. పన్నెండేళ్ళు గోల్కొండ చెరసాలలో ఉన్నాడంటారు. రాముడు, లక్ష్మణుడు మారువేషంలో వెళ్ళి ఆరు లక్షల వరహాలు కట్టి విడిపించారన్నది మనందరం వింటూ పెరిగిన కథ.

ఈ కథను మతాల గొడవగా చెప్పడం చాలా తేలిక. ముస్లిం రాజు, హిందూ భక్తుడు, జైలు. కానీ ఈ ప్రాంతం జనం దాన్ని అలా చెప్పుకోలేదు. వాళ్ళ కథలో తానీషాకే రాముడి దర్శనం అయింది. పన్నెండేళ్ళు కీర్తనలు పాడిన గోపన్నకు కాదు, జైల్లో పెట్టిన వాడికి! ఆ తర్వాత తానీషా శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాలు పంపాడని చెబుతారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. తానీషా దౌలతాబాద్ కోటలో బందీగానే పోయాడు. ఒకప్పుడు జైల్లో పెట్టినవాడు తనూ జైలు చూశాడు. కుతుబ్‌షాహీలు పోయారు, నిజాంలు వచ్చారు, వాళ్ళూ పోయారు, ప్రభుత్వాలు వచ్చాయి. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆ తలంబ్రాలను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మన ఇళ్ళలో పెళ్ళి తలంబ్రాల్లా పసుపుపచ్చగా ఉండవు. గులాలు కలుపుతారు కాబట్టి ఎర్రగా ఉంటాయి. అది కూడా తానీషా కాలం నుంచి వచ్చిన అలవాటే అంటారు. అందులోని బియ్యంలో కొంత గోదావరి జిల్లాల భక్తులు వడ్లను గోళ్ళతో ఒలిచి తెచ్చినవి. గుడి తెలంగాణలో ఉంది. గుడి భూముల్లో పెద్ద భాగం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. బియ్యం అటు నుంచి, ముత్యాల ఆచారం గోల్కొండ నుంచి. పెళ్ళి మాత్రం ఒక్కటే.

ఇంకో ముచ్చట. రామదాసుకు తారక మంత్రం ఉపదేశించింది కబీర్‌దాసు అని మన దగ్గర చెప్పుకుంటారు. 2006లో వచ్చిన 'శ్రీరామదాసు' సినిమాలో కబీర్‌గా అక్కినేని నాగేశ్వరరావు, తానీషాగా నాజర్ మీకు గుర్తుండే ఉంటారు. చరిత్ర ప్రకారం ఇది కుదరదు. కబీర్ పదిహేనో శతాబ్దం వాడు, గోపన్న పదిహేడో శతాబ్దం వాడు. మధ్యలో రెండు వందల ఏళ్ళు! మొదట ఈ తేడా తెలిసినప్పుడు తప్పు దొరికిందని సంబరపడి ఆగిపోవచ్చు. నాకైతే ఆ తప్పే నచ్చింది. కాశీలో మగ్గం నేసుకుని, రాముడూ రహీమూ ఒకటేనన్న మనిషిని ఇంత దూరం, ఇన్నేళ్ళు దాటించి తెచ్చి, తమ భక్తుడికి గురువుగా కూర్చోబెట్టారంటే ఆ కథ చెప్పుకున్న జనం ఏం కోరుకున్నారో తెలుస్తుంది కదా! జరిగింది ఒక చరిత్ర. జరిగి ఉంటే బాగుండునని జనం మూడు వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నది ఇంకో చరిత్ర. రెండోది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అసలు గోపన్న కంటే ముందే, పుట్టలో ఉన్న రాముణ్ణి కనిపెట్టి తాటాకుల పందిరి వేసింది పోకల దమ్మక్క అనే గిరిజన మహిళ అని స్థల పురాణం చెబుతుంది. అంటే ఈ గుడికి మొదటి కప్పు వేసింది అడవి మనిషే.

ఆగిపోయిన పడవలు

భద్రాచలం దాటి పర్ణశాల వైపు వెళ్తే దారిలో దుమ్ముగూడెం వస్తుంది. ఇక్కడ గోదావరి మీద ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి ఆనకట్ట, పడవలు దాటించే లాకులు ఉన్నాయి. మధ్య భారతంలో పండే పత్తిని గోదావరి మీదుగా సముద్రం దాకా పడవల్లో దించాలన్నది వాళ్ళ ప్లాను. ఆర్థర్ కాటన్ గట్టిగా వాదించిన పథకం ఇది. అదే సమయంలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులకు మన పత్తి కావాల్సి వచ్చింది. ఎక్కడో అమెరికాలో బానిసత్వం మీద యుద్ధం జరుగుతుంటే ఇక్కడ అడవిలో రాళ్ళు పేర్చారన్నమాట! 1871లో పథకం ఆపేశారు. ఆ పనిని రైళ్ళు చేసేశాయి.

లాభం కోసం మొదలైంది, లాభం లేదని ఆగింది. ఇందులో ఆశ ఏముంది అంటారా? ఆ ఆనకట్ట ఇంకా ఉంది. ఇప్పుడు సీతారామ ఎత్తిపోతల పథకం నీళ్ళు తీసుకునేది దాని దగ్గరే. లాంకషైర్ మిల్లుల కోసం కట్టింది ఖమ్మం రైతుకు అక్కరకొచ్చింది. ప్రోగ్రెస్ అనేది మనం గీసిన డిజైన్ ప్రకారం రాదు. ఒకరు ఒక పని కోసం కట్టింది వందేళ్ళ తర్వాత ఇంకొకరు ఇంకో పనికి వాడుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన కోడ్ మీదే సగం ప్రపంచం నడుస్తోంది.

శత్రుదేశం మనిషి

కూనవరం దగ్గర శబరి నది గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి పాపికొండల వైపు కొండరెడ్ల ఊళ్ళు ఉన్నాయి. 1941లో ఆ కొండలెక్కి, వాళ్ళ ఇళ్ళ మధ్య గుడారం వేసుకుని బతికిన ఒక విదేశీ జంట ఉంది. ఆయన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, పుట్టింది వియన్నాలో. భార్య ఎలిజబెత్, అందరూ బెట్టీ అనేవాళ్ళు.

ఆయన ఇక్కడికి ఎలా వచ్చాడన్నదే అసలు విశేషం. 1938లో ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకున్నాడు. దాంతో ఈయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు మిగిలింది. 1939లో యుద్ధం మొదలయ్యే సమయానికి ఆయన ఇండియాలో ఉన్నాడు. బ్రిటిష్ ప్రభుత్వం లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటకూడదన్న షరతుతో ఉండనిచ్చారు. అలా ఒక మనిషిని బంధించడానికి గీసిన గీత ఆయన్ని చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత గోండుల దగ్గరికి తీసుకెళ్ళింది. యూరప్‌లో జాతుల పేరుతో మనుషుల్ని రైళ్ళలో ఎక్కించి చంపుతున్న ఏళ్ళలోనే, అక్కడి మనిషి ఒకడు ఇక్కడ కొండరెడ్లు పోడు ఎలా చేస్తారు, దేవుళ్ళను ఎలా కొలుస్తారు, వెదురు కాంట్రాక్టర్లు వాళ్ళను ఎలా దోచుకుంటున్నారు అని ఓపిగ్గా రాసుకున్నాడు. 1945లో ఆ పుస్తకం వచ్చింది. గోండు పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పేలా 1943లో మార్లవాయిలో బడి మొదలుపెట్టించాడు. గిరిజనుల భూములు కాపాడే నిబంధనలు నిజాం పాలనలో రావడానికి ఆయన నివేదికలు తోడ్పడ్డాయి.

ఆయన దేవుడేం కాదు, నిజాం ప్రభుత్వంలో సలహాదారుగా పనిచేసిన అధికారి. కానీ 1987లో హైదరాబాద్‌లో బెట్టీ చనిపోతే సమాధి మార్లవాయిలో కట్టారు. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి ఇద్దరినీ తలుచుకుంటారు. పాస్‌పోర్టు ప్రకారం శత్రువు, ఊరి ప్రకారం సొంత మనిషి. ఈ రెండిట్లో ఏది నిలబడిందో చూడండి.

సంతలో నాలుగు భాషలు

భద్రాచలం మీదుగా వెళ్ళే 30వ నంబర్ జాతీయ రహదారి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం నుంచి ఉత్తరాఖండ్ దాకా పోతుంది. ఆ రోడ్డు మీదే చింతూరు ఉంటుంది. ఇంకొంచెం ముందుకు పోతే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, శబరి అవతల ఒడిశాలోని మోటు. చింతూరు సంతలో ఒక పూట నిలబడితే చాలు. చింతపండు, ఇప్పపువ్వు, ఎండు చేపలు, నాటుకోళ్ళు, ఉప్పు, ప్లాస్టిక్ బిందెలు. తెలుగు, కోయ, ఒడియా, బస్తర్ యాసలో హిందీ. ఉప్పు అమ్మే అమ్మ నాకు తెలుగులో ధర చెప్పి, పక్కనే ఉన్న కోయ అమ్మాయితో కోయలో బేరమాడి, ఆ వెంటనే ఇంకొకాయన్ని హిందీలో కసిరింది. "ఇన్ని భాషలు ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అంటే, "నేర్చుకునేదేముంది అయ్యా, ఉప్పు అందరికీ కావాల్నాయె" అంది.

కోయలో నీళ్ళను 'ఏరు' అంటారు. మనకు ఏరు అంటే పారే నీళ్ళు. ఒకరిది అడవి భాష, ఒకరిది పుస్తకాల భాష అని వేరు చేసుకున్నాం కానీ, దాహం వేస్తే రెండూ ఒకే మాట దగ్గరికి వస్తాయి.

అయితే ఈ సంతలోనే నా ఆశ తగ్గిన సంగతీ ఉంది. 2005 తర్వాత బస్తర్‌లో సల్వాజుడుంకూ మావోయిస్టులకూ మధ్య నలిగిపోయి వేల మంది ఆదివాసీలు ఇటు అడవుల్లోకి వచ్చేశారు. గొత్తికోయలు అంటాం. ఇక్కడి కోయలకు వాళ్ళ మాట అర్థమవుతుంది. కానీ అక్కడ షెడ్యూల్డ్ తెగ అయిన మనిషికి గీత దాటి ఇటొస్తే కుల ధ్రువీకరణ పత్రం దొరకదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి భూమిని సాగు చేస్తున్నవాళ్ళకే వర్తిస్తుంది. ఆ తర్వాత ప్రాణభయంతో వచ్చినవాడికి పోడు పట్టా రాదు. ఇక్కడే పుట్టిన పిల్లలు కూడా బయటివాళ్ళే. ఇటు పోలవరం ముంపు ఊళ్ళలో తరాలుగా ఉన్నవాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళాల్సి వస్తోంది. ఎక్కడో కాలువ కింద పచ్చగా పండే పొలం కోసం కొండరెడ్డి తన కొండను వదులుకోవాలి. దీన్ని ప్రోగ్రెస్ అని ఒక్క ముక్కలో చెప్పేస్తే, ఆ మాట మీదే నమ్మకం పోతుంది. ఆశ గురించి రాసేటప్పుడు ఈ పద్దు కూడా రాయాలి. లేకపోతే అది ఆశ కాదు, టూరిజం బ్రోచర్.

తీసేసిన కాలమ్

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అదే పెద్దది. భద్రాచలం బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు. 1965 నుంచి రెండు ఒడ్లనూ కలిపిన ఆ బ్రిడ్జి లేకపోతే బతుకెలా ఉంటుందో ఆ రెండు రోజులూ అందరికీ తెలిసింది.

మా ఇంజనీరింగ్ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో సాయానికి ఒక షీట్ తయారైంది. ఊరు, ఇళ్ళ సంఖ్య, బియ్యం, నూనె, టార్పాలిన్లు, రాష్ట్రం. ఇవీ కాలమ్స్. హాస్టల్ గదిలో వాదించుకున్న నలుగురమూ అందులో ఉన్నాం. మొదటి రోజు ఏ రాష్ట్రం ఊళ్ళు ముందు అన్న ప్రశ్న వచ్చింది. రెండో రోజుకి పడవ ఎక్కడికి పోగలదు, ట్రాక్టర్ ఎక్కడ ఆగిపోయింది అన్నదే ప్రశ్న. ఆ సాయంత్రం ఎవరో 'రాష్ట్రం' అన్న కాలమ్ తీసేశారు. ఎవరు తీశారో వెర్షన్ హిస్టరీలో చూస్తే తెలుస్తుంది. ఇప్పటిదాకా ఎవరమూ చూడలేదు.

వరద తగ్గాక వాదనలు మళ్ళీ మొదలయ్యాయి. బ్యాక్‌వాటర్ వల్లనా, కాదా? ఎటపాక లాంటి అయిదు పంచాయతీలను తిరిగి తెలంగాణలో కలపాలా, వద్దా? ఆ ప్రశ్నలు అవసరమైనవే, తేల్చాల్సిందే. కానీ ఆ కాలమ్ లేకుండా కూడా పని జరుగుతుందని ఒకసారి చూసినవాళ్ళు అది లేకపోతే బతకలేం అని ఇక అనలేరు.

రైన్ మీద ట్రామ్

ఇదంతా మన గోదావరి ముచ్చటేనా, బయట ప్రపంచంలో నడుస్తుందా అనే అనుమానం నాకూ ఉండేది. ఆఫీసు పని మీద కొన్నాళ్ళు జర్మనీలో ఉన్నప్పుడు ఒక ఆదివారం కేల్ అనే చిన్న ఊళ్ళో ట్రామ్ ఎక్కా. కాసేపట్లో రైన్ నది దాటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో దిగా. ఆ ఊరి చరిత్ర చదివితే మన ఎటపాకే గుర్తొచ్చింది. 1871లో జర్మనీ, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్, 1940లో మళ్ళీ జర్మనీ, 1944లో మళ్ళీ ఫ్రాన్స్. ఇల్లు కదలకుండా దేశమే నాలుగుసార్లు మారింది! డెబ్భై అయిదేళ్ళలో మూడు యుద్ధాలు చేసుకున్న రెండు దేశాల మధ్య 2017 నుంచి ఆ ట్రామ్ నడుస్తోంది. నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో కూరగాయల సంచి ఉంది. ఎటు చవగ్గా ఉంటే అటు వెళ్ళి కొనుక్కుంటారట. చింతూరు సంతలో ఉప్పు అమ్మే అమ్మ చెప్పిందీ ఇదే కదా!

మనుషులందరూ ఒకేలా అయిపోతారని నా ఆశ కాదు. అలా అవ్వాలనీ లేదు. కోయవాళ్ళు కోయవాళ్ళుగానే ఉండాలి, భాష బతకాలి. నేను చూసిందల్లా ఒకటే. గీతలు గీసేవాళ్ళకు అధికారం ఎక్కువ, ఆయుష్షు తక్కువ. నిజాం గీత, ఇంగ్లీషువాళ్ళ గీత, మద్రాసు గీత అన్నీ చెరిగాయి. బ్రిడ్జి, సంత, తలంబ్రాలు, బడి మిగిలాయి. వాటంతట అవి మిగల్లేదు. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు వాటిని మళ్ళీ మళ్ళీ బాగుచేసుకుంటూ వచ్చారు. మన తరానికి మిగిలిన పని కూడా కళ్ళముందే ఉంది. అడవిలో గొత్తికోయ పిల్లకు బడి, ఒక గుర్తింపు కాగితం. ముంపు ఊరి మనిషికి న్యాయమైన పరిహారం, మునగని చోట ఇల్లు. ఇవి ఇంకా కట్టని బ్రిడ్జిలు.

ఈసారి భద్రాచలం వెళ్తే దర్శనం అయ్యాక వెంటనే బస్సెక్కేయకండి. ఒక పూట ఆగండి. దుమ్ముగూడెం లాకులు చూడండి. సంత రోజు తెలుసుకుని చింతూరు దాకా వెళ్ళండి. ఏదైనా కొనండి, ఎవరితోనైనా మాట్లాడండి. దారిలో ఎక్కడ రాష్ట్రం మారిందో కనిపెట్టడానికి ప్రయత్నించండి. బోర్డు చూస్తే తప్ప తెలియదు.